ఛాయాగ్రహణమున వెనుక మీట

కెమెరా పట్టని చేయి యరుదైన కాలమిది. జేబులోని ఫోనే కెమెరా యైనది. కెమెరా చరిత్రమును వ్రాయువారు తరచుగ లెన్సుల చరిత్రమును, ఫిలిముల చరిత్రమును, పేరుపొందిన ఛాయాచిత్రకారుల చరిత్రమును వ్రాయుదురు. మీటల చరిత్రమును వ్రాయువారు తక్కువ. మీట యనగా వ్రేలిక్రింద నణగు చిన్న ముక్క గదా, దానికి చరిత్రమేమని కొందరు నవ్వవచ్చును. కాని ఒక యంత్రమున మీట ఎచ్చట పెట్టిరో చూచినచో, ఆ యంత్రమును చేసినవారు దానిని వాడువానిని గూర్చి ఏమి తలచిరో కొంతవరకు తెలియును. వాడువానికి తెలివి కలదనుకొనిరా, లేదనుకొనిరా, వానిని తొందరగలవానిగ నెంచిరా, ఓపికగలవానిగ నెంచిరా యనునది మీటల యమరికలోనే కనబడును. అట్టి మీట నొకదానిని గూర్చి యిచ్చట వ్రాయదలచితిమి.

ఛాయాచిత్రము తీయుటలో మనుష్యుడు చేయవలసిన నిర్ణయములు పెక్కు గలవుగాని, వానిలో రెండు ముఖ్యములు. ఎదుట నున్నవానిలో దేనిని స్ఫుటముగ చూపవలెననునది మొదటిది. ఏ క్షణమున వెలుగును లోనికి విడువవలెననునది రెండవది. మొదటిదానిని ఫోకసు చేయుట యందురు. రెండవది షట్టరు పని. ఒకటి చూపునకు సంబంధించినది, ఒకటి కాలమునకు సంబంధించినది. నేడు దుకాణమున కొన్న కెమెరా సాధారణముగ ఈ రెండు పనులను ఒకే మీటకు కట్టియుండును. పై మీటను సగము నొక్కినచో యంత్రము తనంతట తాను ఫోకసు చేయును; పూర్తిగ నొక్కినచో చిత్రము పడును. ఇట్లుగాక, ఫోకసు పనిని పై మీటనుండి తొలగించి, కెమెరా వెనుక భాగమున బొటనవ్రేలి క్రిందనున్న వేరొక మీటకు అప్పగించు పద్ధతి యొకటి కలదు. ఆంగ్లము తెలిసినవారు దానిని బ్యాక్ బటన్ ఫోకస్ అందురు. దీనిని నేర్పరుల రహస్యముగను, క్రొత్త విద్యగను చెప్పుకొనుట పరిపాటి. మాకు తోచినంతవరకు ఇది క్రొత్త విద్య కాదు. రెండు పనులను ఒకే మీటకు కట్టుటయే క్రొత్త. విడిగ నుంచుటయే ప్రాతది. ఛాయాగ్రహణము పుట్టిన నూటనలువది యేండ్లకు పైగా అవి విడిగనే యుండెను.

1839 ఆగస్టు 19వ తేదీన పారిస్ నగరమున డగేర్ పద్ధతి లోకమునకు వెల్లడి యైనది. నాటి కెమెరా ఒక పెట్టె. ముందు లెన్సు, వెనుక గరుకు గాజుపలక. ఆ పలకమీద బింబము తలక్రిందుగ పడును. చిత్రకారుడు దానిని చూచుచు లెన్సునో పెట్టెనో ముందునకు వెనుకకు జరిపి, కోరిన వస్తువు స్ఫుటముగ కనబడువరకు సవరించును. పిమ్మట గాజుపలకను తీసి, దాని స్థానమున రసాయనము పట్టించిన పలకను ఉంచును. లెన్సు మూతను తీసి, లెక్కపెట్టి, మరల మూయును. చూచుటకును చిత్రించుటకును నడుమ ఇంత పని యుండెను. పలక మార్చిన తరువాత చిత్రకారుడు గ్రుడ్డివాడే. ఎదుట కూర్చున్నవారు కదలకుండ కూర్చుందురని నమ్ముటకంటె వానికి వేరు గతి లేదు.

మన ప్రాంతమువారికి ఈ విధానము తెలియనిది కాదు. 1844లో మీరట్ సమీపమున సర్ధనాయందు పుట్టి, సికిందరాబాదున స్టూడియో నడపి, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖానునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ ఇట్టి పెట్టె కెమెరాలతోడనే, గాజు పలకలమీదనే, హైదరాబాదు కోటలను, దర్బారులను, వేట బిడారములను చిత్రించెను. నల్లని గుడ్డ కప్పుకొని గాజుపలకను చూచుట ఒక పని. గుడ్డనుండి బయటకు వచ్చి, ఎదుటివారి ముఖమును కన్నులార చూచుచు, తగిన క్షణమునకై వేచియుండుట వేరొక పని. ఈ రెండవ పనిలో చిత్రకారుని కన్ను యంత్రమునకు అంటుకొని యుండదు. ఎదుట కూర్చున్నవారితో మాటలాడవచ్చును, నవ్వింపవచ్చును. చూపు ముందే తేలిపోయినది గనుక క్షణము నొక్కదానినే కనిపెట్టుకొని యుండిన చాలును. ఇది యొక లాభమని ఆనాడెవరును చెప్పుకొనలేదు, ఏలయన ఇంకొక విధముగ చేయుట ఎట్లో ఎవరికిని తెలియదు.

1888లో అమెరికాయందు జార్జి ఈస్ట్‌మన్ కోడక్ కెమెరాను అమ్మకమునకు పెట్టెను. దాని వెల 25 డాలర్లు. లోపల నూరు చిత్రములకు సరిపడు ఫిలిము చుట్ట యుండెను. నూరును తీసిన తరువాత కెమెరానే కర్మాగారమునకు పంపినచో, చిత్రములను కడిగి అచ్చువేసి, క్రొత్త చుట్టతో మరల పంపుచుండిరి. వాడువాడు మీట నొక్కిన చాలును, తక్కిన పని అంతయు తాము చూచుకొందుమనుటయే వారి ప్రకటన సారము. ఈ కెమెరాకు ఫోకసు చేయు సాధనమే లేదు. చిన్న రంధ్రముగల లెన్సును ఒకచోట స్థిరముగ బిగించిరి. కొన్ని అడుగుల దూరము మొదలుకొని అన్నియు ఒక మోస్తరుగ స్ఫుటముగ వచ్చును. చూపును గూర్చిన నిర్ణయమును కోడక్ వాడువాని చేతినుండి తీసి కర్మాగారమున ముందే చేసివేసెను. కెమెరా సామాన్యుల చేతికి వచ్చినది ఆ త్యాగము వలననే. దానిని నిందింప మాకు మనసొప్పదు. ఐనను ఒకే మీట చాలునను నమ్మకము జనులలో నాటుకొన్నది నాటినుండియే యని మాత్రము గుర్తింపవలెను.

పనివాండ్రయిన ఛాయాచిత్రకారులు ఆ త్రోవను పోలేదు. ఆస్కార్ బార్నాక్ రూపించిన లైకా కెమెరా 1925లో లైప్‌జిగ్ సంతలో వెలువడెను. అది అరచేత నిమిడెడు కెమెరా. చలనచిత్రపు ఫిలిముమీద 36 చిత్రములు. మొదటి లైకాలో దూరమును కంటితో అంచనా వేసి, లెన్సుమీద చెక్కిన అంకెలకు సరిగ త్రిప్పవలసి యుండెను. 1932 నాటి రెండవ నమూనాలో దూరమును కొలుచు రేంజ్‌ఫైండరును లెన్సుతో జోడించిరి; చిన్న గవాక్షములో రెండుగ కనబడు బింబము ఒకటైనచో ఫోకసు కుదిరినట్లు. 1936లో డ్రెస్డెన్ నగరమునుండి వచ్చిన కినె ఎగ్జాక్టా, 1949 నాటి కాంటాక్స్ ఎస్, 1959 నాటి నికాన్ ఎఫ్ మొదలైనవి లెన్సుగుండ వచ్చిన బింబమునే అద్దముమీద పరావర్తింపజేసి కంటికి చూపినవి. యంత్రములు మారినను చేతుల పని మారలేదు. ఎడమచేయి లెన్సు వలయమును త్రిప్పును. కుడిచేతి చూపుడువ్రేలు మీట నొక్కును. చూపు ఎడమచేతిది, క్షణము కుడిచేతిది. వీధిలో చిత్రములు తీయువారు ముందుగ దూరము నమర్చుకొని, మనుష్యుడు ఆ దూరమునకు వచ్చువరకు కాచుకొని యుండెడివారు. పత్రికలవారును అంతే. ఒకసారి ఎడమచేయి తీసివేసినచో లెన్సు అక్కడనే నిలిచియుండును. ఎవరు అడ్డువచ్చినను, ఎవరు పోయినను దానికి పట్టదు. ఈ నిలుకడ యెంత విలువైనదో అది పోయిన తరువాత గాని తెలియలేదు.

చలనచిత్రములలో ఈ విభజన ఇంకను దూరము పోయినది. అచ్చట కెమెరాను నడుపువాడొకడు, ఫోకసు చూచువాడు వేరొకడు. టేపుతో దూరము కొలిచి, నటుడు నడచునపుడు లెన్సును కొలతప్రకారము త్రిప్పుటయే ఆ రెండవవాని వృత్తి. వానిని ఫోకస్ పుల్లర్ అందురు. మన చలనచిత్రములకును వాడు లేనిదే గడవదు. ఒక పనికి ఒక మనుష్యునే యిచ్చిన కళ యుండగా, దాని తోబుట్టువైన కళలో ఆ పనికి ఒక మీటనైనను ఈయ వెనుదీయుట వింతయే.

ఇక యంత్రము తనంతట తాను ఫోకసు చేయుట యెట్లు వచ్చినదో చూతము. లైకాను చేయు లైట్స్ సంస్థవారు 1976లో కొలోన్ నగరమున జరిగిన ఫోటోకినా ప్రదర్శనమున కోరెఫోట్ అను పేర అట్టి నమూనాను చూపిరి. కాని అమ్మకమునకు తేలేదు. 1977లో జపానునుండి వచ్చిన కోనికా సి35 ఏఎఫ్ మొదటిసారిగ విరివిగ తయారైన ఆటోఫోకసు కెమెరా. అందలి ముఖ్యభాగము అమెరికాలోని హనీవెల్ సంస్థ చేసినది. 1978లో పోలరాయిడ్ సంస్థవారు గబ్బిలమును చూచి నేర్చుకొన్నట్లు, చెవికి వినరాని ధ్వనిని పంపి, అది తిరిగివచ్చు కాలమునుబట్టి దూరమును కట్టు కెమెరాను తెచ్చిరి. గాజు కిటికీగుండ తీయబోయినచో ధ్వని గాజునకు తగిలి మరలివచ్చును. కెమెరా కిటికీనే చూచును, తోటను చూడదు.

1981లో కానన్ సంస్థ తన ప్రాత కెమెరాలకు తగిలించుకొనదగిన 35-70 మిల్లీమీటర్ల ఆటోఫోకసు లెన్సు నొకదానిని చేసెను. మోటారు, కొలిచెడు కన్నులు అన్నియు లెన్సులోనే యుండెను. చూచుటకు పెద్ద మూటవలె నుండెడిది. దీనిలో మనము గుర్తింపదగిన దేమనగా, ఫోకసు చేయుమని చెప్పు మీట లెన్సు ప్రక్కన విడిగ నుండుట. చిత్రము తీయు మీట కెమెరామీద యథాప్రకారముండెను. అనగా అద్దపు కెమెరాలయందు ఆటోఫోకసు పుట్టిననాడును రెండు పనులకు రెండు మీటలే. బుద్ధిపూర్వకముగ అట్లు చేసిరని మేము చెప్పము. లెన్సు ఒకచోట, కెమెరా వేరొకచోట తయారైన వస్తువులు గనుక అట్లు కుదిరినది. కాని కుదిరిన యమరిక సరియైనదే.

1985లో మినోల్టా 7000 వచ్చెను. మోటారును, కొలిచెడు సాధనమును కెమెరా దేహమునందే యిమిడ్చి, లెన్సులను తేలికపరచి, ఆటోఫోకసును నిజముగ వాడుకకు తెచ్చిన యంత్రమిది. దీని పద్ధతి ఇట్టిది. లెన్సు ఒక అంచుగుండ వచ్చు వెలుగును, ఎదుటి అంచుగుండ వచ్చు వెలుగును వేరుచేసి రెండు చిన్న బింబములుగ మార్చి పోల్చుదురు. ఫోకసు సరిగ నున్నచో ఆ రెంటి యెడము ఇంతయని ముందే తెలియును. యెడము తగ్గినచో ఒకవైపు, పెరిగినచో రెండవవైపు తప్పు కలదన్నమాట. ఎంత తప్పినదో, ఏ దిక్కునకు త్రిప్పవలెనో ఒకే చూపులో తెలియును గనుక మోటారు తడుముకొనక పోవును. ఈ విద్యను గూర్చియే హనీవెల్ సంస్థ మినోల్టామీద వ్యాజ్యము వేసి గెలిచినది. 1992లో మినోల్టా 127.5 మిలియను డాలర్లు చెల్లించి రాజీపడవలసి వచ్చెను.

మా విషయము వ్యాజ్యము కాదు, మీట. మినోల్టావారు ఫోకసు పనిని షట్టరు మీటకే కట్టిరి. సగము నొక్కుట అనునది అప్పటికే వెలుగు కొలతకు వాడుకలో నుండెను. దానికే ఈ పనిని గూడ తగిలించిరి. ఒక మీట నెత్తిన మూడు పనులు పడినవి. సగములో వెలుగు కొలువవలెను, సగములోనే ఫోకసు చేయవలెను, చివర చిత్రము తీయవలెను. అమ్ముటకు ఇంతకంటె సుళువైన మాట లేదు. కెమెరాను ఎన్నడును పట్టనివానికైనను దుకాణమున ఒక నిముసములో చూపింపవచ్చును. తక్కిన సంస్థలును ఆ త్రోవనే పోయినవి. కానన్ సంస్థ 1987 మార్చి 1వ తేదీన ఈవోస్ 650 కెమెరాను వెలువరించి, ప్రాత లెన్సులేవియు తగులని క్రొత్త బిగింపును ప్రవేశపెట్టి, తన ప్రాత కొనుగోలుదారుల కోపమునకు పాత్రమైనది. ఆ కెమెరాలోను షట్టరు మీటయే సర్వాధికారి.

ఇంతలో పనివాండ్రకు కష్టములు మొదలైనవి. ఈ కెమెరాలలో ఫోకసు చూచు స్థానము చట్రము నడిమధ్య ఒక్కటే. ఇద్దరు మనుష్యులను ప్రక్కప్రక్కన నిలిపి చిత్రము తీసినచో ఆ నడిమి స్థానము ఇద్దరి తలల నడుమనున్న ఖాళీమీద పడును. యంత్రము వెనుకనున్న గోడను చక్కగ, స్ఫుటముగ చూపును. వధూవరుల ముఖములు మసకలో మునుగును. దీనికి చెప్పిన ఉపాయమేమన, ముందు కెమెరాను ఒకరివైపు త్రిప్పి, మీటను సగము నొక్కి, వ్రేలు అట్లే సగములో బిగబట్టి, మరల చట్రమును సరిచేసి, అప్పుడు పూర్తిగ నొక్కవలెను. వ్రేలు కొంచెము సడలినచో మొదటికి వచ్చును. కొంచెము గట్టిగ పడినచో అక్కరలేని చిత్రము పడును. ఒక చిత్రము తీసి వ్రేలు ఎత్తి, అదే భంగిమలో రెండవది తీయబోయినచో యంత్రము మరల గోడవైపు పరుగెత్తును. ఫిలిమునకు 36 చిత్రములే. తప్పు జరిగినదను సంగతి కడిగి అచ్చువేసిన తరువాత గాని తెలియదు.

ఇంకొక చిక్కు దీనికంటె బలమైనది. ఫోకసు కుదిరిన గాని చిత్రము తీయనని మొండికేయు లక్షణము, కదలని వస్తువులకై యేర్పరచిన పద్ధతిలో, ఈ యంత్రములకు కలదు. మసక వెలుతురులో, నున్నని గోడ ఎదుట, లెన్సు ముందునకు వెనుకకు తిరుగుచునే యుండును. మీట నొక్కియుంచినను షట్టరు కదలదు. కదలునంతలో క్షణము దాటిపోవును. కదలు వస్తువులకై వేరొక పద్ధతి నేర్పరచిరి. అందు మీట నొక్కినంతసేపును యంత్రము వెంటాడుచునే యుండును. అందు నిలుకడ లేదు. వస్తువు ఆగినను యంత్రము ఆగదు. ఎవరైన అడ్డుగ నడచినచో వారివెంట పోవును. మన వివాహములను తలచుకొన్నచో ఈ చిక్కు వెంటనే బోధపడును. జీలకర్ర బెల్లమునకు తెర యెత్తునపుడు, తలంబ్రాల వేళ, కెమెరాకును ముఖములకును నడుమ ఎన్ని చేతులు, ఎన్ని పళ్లెములు, ఎన్ని అక్షతలు ఎగురునో చదువరులకు చెప్పనక్కరలేదు. మీట నొక్కిన ప్రతిసారియు యంత్రము మొదటినుండి వెదకికొనినచో అది ఎవరి చేతిని పట్టుకొనునో చెప్పలేము. ఆ క్షణమును మరల చేయింతమనుటకు అది నాటకము కాదు. పురోహితుడు ఆగడు, ముహూర్తము అసలే ఆగదు.

1989లో కానన్ సంస్థ ఈవోస్ 630 అను కెమెరాను తెచ్చెను. ఐరోపాలో దానికి 600 అని పేరు. దానియందు కస్టమ్ ఫంక్షన్లను పేర వాడువాడు తన ఇష్టమునకు మార్చుకొనదగిన కొన్ని ఏర్పాటులుండెను. వానిలో ఒకటి, ఫోకసు పనిని షట్టరు మీటనుండి తీసివేసి, వెలుగు కొలతకై వెనుక నుంచిన మీటకు అప్పగించుట. అదే సంవత్సరమున పనివాండ్రకై చేసిన ఈవోస్-1 కెమెరాలోను ఈ సౌకర్యము కలదు. మీటలను ఒకటిచేసిన నాలుగేండ్లకు వానిని విడదీయు త్రోవ మరల తెరచుకొన్నది.

దీని పని ఎంత సుళువో చూడుడు. బొటనవ్రేలితో వెనుక మీటను నొక్కి పట్టియున్నంతసేపు యంత్రము వస్తువును వెంటాడును. వ్రేలు తీసినచో లెన్సు ఉన్నచోటనే నిలిచిపోవును. చూపుడువ్రేలు ఎన్నిసార్లు షట్టరు నొక్కినను లెన్సు కదలదు. అసలు వెనుక మీట జోలికి పోకుండ, లెన్సు వలయమును చేతితో త్రిప్పుకొన్నచో అది ప్రాతకాలపు కెమెరాయే. వెంటాడుట, నిలుపుట, చేతితో త్రిప్పుట అను మూడు పద్ధతులకు ముందు వేరువేరు స్విచ్చులు మార్చవలసి యుండగా, ఇప్పుడు ఒక వ్రేలిని నొక్కుట, ఎత్తుట మాత్రమే చాలినది. తలంబ్రాల వేళ వధువు ముఖముమీద ఒకసారి ఫోకసు పట్టి బొటనవ్రేలు తీసివేసినచో, ఆమె కదలక కూర్చున్నంతసేపు ఎవరి చేయి అడ్డువచ్చినను, ఎన్ని అక్షతలు ఎగిరినను చింతలేదు. ఇది దీన్ దయాళ్ నాటి నిలుకడయే, నల్లగుడ్డ లేకుండ తిరిగివచ్చినది. మన భాషలో కుడిచేతి రెండవ వ్రేలికి చూపుడువ్రేలని పేరు. ఈ యమరికలో చూపు బొటనవ్రేలి పాలై, చూపుడువ్రేలికి క్షణము మిగిలినది. పేరు తారుమారైనను పని చక్కబడినది.

అయితే ఈ సంస్కరణమును చేసినవారే దానిని దాచిపెట్టిరని చెప్పవలసి యున్నది. దుకాణమునుండి వచ్చిన కెమెరాలో మీట లొకటిగనే యుండును. విడదీయవలెనన్నచో పుస్తకమున వెనుకపుటలలో సంఖ్యలతో వ్రాసిన పట్టికను చదివి, ఏ సంఖ్యకు ఏ విలువ యీయవలెనో తెలిసికొని మార్చుకొనవలెను. ఆ పుస్తకమును చివరవరకు చదువువారు ఎందరు? కానన్ కెమెరాలలో అనేక నమూనాలకు ఇది నాలుగవ సంఖ్య ఏర్పాటు. తెలిసినవారు తెలియనివారికి ఆ సంఖ్యను మంత్రమువలె ఉపదేశించుచు వచ్చిరి. క్రొత్తవాడు పదియేండ్లు తప్పుచిత్రములు తీసి, తప్పు తనదే యనుకొని, ఒకనాడు ఎవరో చెప్పగా విని ఆశ్చర్యపడును. కర్మాగారమున ముందుగ నమర్చిన అమరిక ఎంత త్వరగ ఆచారమగునో, ఆచారమైన పిమ్మట దానిని ప్రశ్నించుట ఎంత కష్టమో ఈ చిన్న విషయములోనే కనబడుచున్నది. ఇట్లే చేయవలెనని ఎవరును శాసింపలేదు. వేరొక విధము కలదని చెప్పకుండిరి, అంతే.

ఆ మీటకు స్వంతమైన పేరు వచ్చుటకును కాలము పట్టినది. 1996 నాటి నికాన్ ఎఫ్5 వెనుక ఏఎఫ్-ఆన్ అని పేరు చెక్కిన మీట యుండెను. కానన్‌వారు మాత్రము చాలకాలము వెలుగు కొలతను నిలుపుటకై యుంచిన నక్షత్రపు గుర్తు మీటకే ఈ చాకిరిని అప్పగించి, 2007లో ఈవోస్-1డి మార్క్ 3 తోగాని తమ డిజిటల్ కెమెరాలకు ప్రత్యేకముగ ఆ పేరుగల మీట నీయలేదు. 1989 మొదలు 2007 వరకు లెక్కించినచో పదునెనిమిది సంవత్సరములు. అన్నాళ్లును అది ఒకరి ఇంట ఇంకొకరి పేర పనిచేసినట్లు పనిచేసినది.

ఈ పద్ధతి నాశ్రయించినవారు కొందరు దీనిని మతమువలె పట్టుకొని, దీనితో సర్వదోషములును పోవునని చెప్పుచున్నారు. అది నిజము కాదు. ముందు నడిమి స్థానముతో ఫోకసు పట్టి పిదప కెమెరాను ప్రక్కకు త్రిప్పుటలో గణితమునకు సంబంధించిన తప్పు ఒకటి కలదు. కెమెరా ఫోకసు చేయునది ఒక బిందువుమీద కాదు, తనకు ఎదురుగ నిలిచిన ఒక తలముమీద. కెమెరాను త్రిప్పినచో ఆ తలమును దానితో తిరుగును. 50 మిల్లీమీటర్ల లెన్సును 1.4 రంధ్రముతో తెరచి మీటరు దూరముననున్న ముఖమును తీయుచున్నామనుకొందము. స్ఫుటముగ వచ్చు లోతు మొత్తము సుమారు 3 సెంటీమీటర్లు, అనగా ముందు వెనుకలకు చెరి సగము. కన్నుమీద ఫోకసు పట్టి కెమెరాను 15 డిగ్రీలు త్రిప్పినచో, ఫోకసు తలము కంటికి 3 సెంటీమీటర్లకు పైగా వెనుకకు పోవును. కన్ను మసకబారి చెవి స్ఫుటమగును. మీట ముందున్నను, వెనుకనున్నను ఈ లెక్క మారదు. ఇట్టిచోట ఫోకసు స్థానమునే కంటిమీదకు జరుపవలెను.

వేరొక లోపము లౌకికమైనది. వెనుక మీట అలవాటైనవాడు కెమెరాను దారిన పోవు పెద్దమనిషి చేతికిచ్చి తమ కుటుంబమును చిత్రింపుమని వేడినచో, ఆయన పై మీటను నొక్కి నవ్వుచు తిరిగి యిచ్చును. వెనుక మీట సంగతి ఆయనకేమి తెలియును? చిత్రములో అందరును పొగమంచులో నిలిచినట్లుందురు. ఇక చేతికి తొడుగులు వేసికొను చలిదేశములవారికిని, చిన్నచేతులు గలవారికిని బొటనవ్రేలు ఆ మీటకు సులభముగ అందదు. కూర్చున్నవారిని ఒక్కొక్కరిగ తీయు స్టూడియో పనిలో పై మీటయే చాలునను నేర్పరులును కలరు. వారిని తప్పుపట్టుటకు మాకు కారణము కనబడదు. ఈ పద్ధతి అందరికిని కావలయునని మేము చెప్పుట లేదు. ఇట్టిది కలదని అందరికిని తెలియవలయును. దుకాణమున కెమెరా చేతికిచ్చునప్పుడే చెప్పినచో ఇంకను మంచిది.

ఈ పది పదునైదేండ్లలో కెమెరా లోపలి యద్దము పోయినది. అద్దమున్న కాలమున చిత్రము పడు నిమేషములో అద్దము పైకి లేచును. ఆ నిమేషమున యంత్రమునకు చూపు లేదు, అంచనాయే శరణ్యము. ఇప్పుడు చిత్రమును పట్టు ఫలకమే ఫోకసును గూడ చూచుచున్నది. 2013 నాటి కానన్ 70డి యందు ఫలకముమీది ప్రతి చిత్రకణమును రెండుగ చీల్చి, పూర్వము వేరు సాధనము చేసిన పోలికను అక్కడనే చేయించిరి. 2017 నాటి సోనీ ఆల్ఫా 9 సెకనుకు 20 చిత్రములు తీయుచు, నడుమ చూపు కోల్పోదు. మనుష్యుల కన్నులను, పక్షుల కన్నులను, వాహనములను యంత్రమే గుర్తించి వెంబడించుచున్నది. ఎదుట చేయి అడ్డువచ్చినను తాను పట్టిన ముఖమును చాలవరకు విడువదు. అందుచేత వెనుక మీటకు కాలము చెల్లినదని కొందరు వాదించుచున్నారు. వారి మాటలో కొంత నిజము కలదు. 1987లో నడిమి స్థానము ఒక్కటే యుండుటచేత పుట్టిన బాధలలో సగము నేడు లేవు.

కాని ఒక మంటపమున పదిమంది ముఖములున్నప్పుడు యంత్రము పదిమందిని గుర్తించును. వారిలో తల్లి ఎవరో, కూతురును అప్పగించుచు ఎవరి కంట నీరు నిలిచినదో యంత్రమునకు తెలియదు. దగ్గరనున్న ముఖమునో, పెద్దగ కనబడు ముఖమునో అది పట్టుకొనును. అప్పుడు నీవు ఆగుమని చెప్పుటకు ఏదో ఒక సాధనము మన చేతనుండవలెను. బొటనవ్రేలిని ఎత్తుటకంటె సుళువైన ఆజ్ఞను ఇంతవరకు ఎవరును కనిపెట్టలేదు. పని తెలిసిన కొందరు ఇప్పుడు వెనుకనున్న రెండు మీటలకు రెండు పనులు పంచుకొనుచున్నారు. ఒకటి నొక్కినచో యంత్రము తానే కన్నులను వెదకును. రెండవది నొక్కినచో మనము చూపిన చోటును మాత్రమే చూచును. యంత్రముయొక్క తెలివిని వాడుకొనుటకు ఒక మీట, దానిని త్రోసిపుచ్చుటకు ఒక మీట యన్నమాట.

1992లో కానన్‌వారు ఈవోస్ 5 అను కెమెరాలో ఒక సాహసము చేసిరి. వ్యూఫైండరులో వాడువాని కనుపాప ఎటు తిరిగినదో కనిపెట్టి, అతడు చూచుచున్న చోటనే ఫోకసు చేయు ఏర్పాటది. అందు ఫోకసు స్థానములు అయిదు. కండ్లజోడు గలవారికి అది కొంత చిక్కు పెట్టెడిది. డిజిటల్ కాలము వచ్చిన తరువాత సంస్థవారు దానిని విడిచిరి. 2021లో ఈవోస్ ఆర్3 యందు దానినే మెరుగుపరచి మరల తెచ్చిరి. ఆ కెమెరా చూపు ఎచ్చట నిలిచినదో గ్రహించి, గుర్తును అచ్చటికి జరుపును. ఫోకసు పట్టుమని చెప్పుట మాత్రము వ్రేలికే విడిచినది. కనుపాపను చదువగల ఆ కెమెరాకును వెనుక భాగమున, బొటనవ్రేలు తగులుచోట, ఏఎఫ్-ఆన్ మీట యథాప్రకారము కలదు.